వెనుకకు నడిచిన ఇద్దరు

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగములు: ఆదికాండము 9:20–23, 2 సమూయేలు 14:25, 26, గలతీయులకు 6:2

  ముఖ్యముగా ఈ రోజు యౌవనస్థులతో మాట్లాడాలని ఆశపడుతున్నాను. మీ ఇంట్లో కుర్రవాళ్లుంటే దయచేసి రేడియో దగ్గరకు పిలవండి.

ఈ రోజు మనము ధ్యానించబోయే సంగతి వింటే కొందరికి ఆశ్చర్యము కలుగవచ్చు. అది జిమ్ గురించి. “అయ్యగారూ, జిమ్ములో కూడా వాక్యము ఉంటుందా?” అని మీరు అడగవచ్చు. ఉదయము ఐదు గంటలకు కర్నూలులో రాజ్‌విహార్ సెంటరు వైపు గాని, కడపలో ఏడు రోడ్ల కూడలి వైపు గాని వెళ్లి చూడండి. ప్రార్థనకు లేవని మన పిల్లలు జిమ్ముకు లేస్తున్నారు. మన పిల్లలు ఎక్కడ ఉంటే వాక్యము అక్కడికి వెళ్లవలసిందే గదా!

జిమ్ముకు వెళ్లడము పాపమని చెప్పే పెద్దలున్నారు. నేను ఆ మాట చెప్పను. మన సీమ పల్లెల్లో ఉగాదికి, జాతరలకు రచ్చబండ దగ్గర రాతి గుండు ఎత్తేవారు, బండి ఇరుసు ఎత్తేవారు. బలము చూసి ఊరంతా సంతోషించేది. అపొస్తలుడైన పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయము 8వ వచనములో శరీర సాధనకు కూడా కొంత ప్రయోజనము ఉందని ఒప్పుకున్నాడు, అయితే దైవభక్తికి ఉన్న ప్రయోజనము దానికంటే ఎంతో గొప్పదని చెప్పాడు. షుగరు, బీపీ ఇంటింటికీ వచ్చిన ఈ కాలములో ఒళ్లు వంచి శ్రమించడము మంచిదే. సమస్య బరువులలో లేదు. ఆ బరువుల పక్కన పెట్టిన సెల్‌ఫోనులోను, ఎదురుగా ఉన్న అద్దములోను ఉంది.

మా సంఘములో జరిగిన ఒక సంగతి చెబుతాను. సంబంధించినవారి అనుమతితోనే చెబుతున్నాను, పేర్లు చెప్పను.

ఒక యౌవనస్థుడు, వయస్సు 24. బరువు 118 కిలోలు. షుగరు వచ్చే సూచనలున్నాయని డాక్టరు హెచ్చరిస్తే, ఎంతో సిగ్గుపడుతూనే జిమ్ములో చేరాడు. మూడో వారములో ఒక రోజు బెంచీ మీద పడుకొని రాడ్డు ఎత్తబోయి ఎత్తలేకపోయాడు. చొక్కా పైకి పోయింది, పొట్ట కనబడింది, కాళ్లు కొట్టుకున్నాడు. ట్రైనరు వచ్చి రాడ్డు తీశాడు. ఇదంతా పక్క బెంచీ మీద ఉన్న ఇంకొక కుర్రవాడు ఫోనులో తీశాడు. దానికి ఒక హాస్యపు పాట తగిలించి రీల్ చేసి పెట్టాడు. తీసినవాడు ఎవరనుకుంటున్నారు? ఆదివారము మా క్వయిరులో గిటారు వాయించే అబ్బాయి!

ఆ వీడియో మా సంఘము యూత్ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. నా ఫోనుకూ వచ్చింది. ప్రియులారా, దేవుని యెదుట ఒప్పుకుంటున్నాను. నేనూ చూశాను. చూసి నవ్వాను. నవ్వి, ఫోను పక్కన పెట్టి, ఆదివారపు ప్రసంగము సిద్ధపరచుకోవడానికి కూర్చున్నాను.

నాలుగు ఆదివారములు గడిచాయి. ఆ అబ్బాయి తల్లి మా ఇంటికి వచ్చింది. గుమ్మము దగ్గరే నిలబడి, “మావాడు గుడికి రానంటున్నాడు అయ్యగారూ. అన్నం సరిగ్గా తినడు. గోడకున్న అద్దం తీసి బీరువా ఎనక పెట్టినాడు. ఏమైందిరా అంటే చెప్పడు. మీకేమన్నా తెలుసునా?” అని అడిగింది. నాకు తెలుసు. ఆ తల్లి ముఖము చూడలేకపోయాను.

ఆ రాత్రి బైబిలు తెరచినప్పుడు ప్రభువు నన్ను ఆదికాండము 9వ అధ్యాయము దగ్గర నిలబెట్టాడు.

మొదటి సంగతి: కప్పేవారముగా ఉండాలి.

నోవహు ద్రాక్షారసము త్రాగి గుడారములో వస్త్రహీనుడై పడి ఉన్నాడు. హాము ఏమి చేశాడు? రెండు పనులు. ఒకటి, చూశాడు. రెండు, బయటికి వెళ్లి అన్నదమ్ములకు చెప్పాడు. చూడడము ఒక నిమిషము పని. చెప్పడము మాత్రము గుడారము లోపలి సిగ్గును బయటికి తెచ్చింది. సెల్‌ఫోను లేని కాలములోనే హాము ఫార్వర్డ్ చేశాడు!

షేము, యాపెతులు ఏమి చేశారు? ఒక బట్ట తీసుకొని, తమ భుజముల మీద వేసుకొని, వెనుకకు నడుచుకుంటూ వెళ్లి తండ్రిని కప్పారు. వారి ముఖములు అటువైపు తిరగలేదు. ఆలోచించండి, వెనుకకు నడవడము ఎంత కష్టము! తడబడవచ్చు, పడిపోవచ్చు. అయినా ఒక మనిషి గౌరవము కొరకు ఆ కష్టము పడ్డారు. ఇంకొకటి గమనించండి. నోవహు తప్పు చేసిన స్థితిలో ఉన్నాడు, త్రాగి పడి ఉన్నాడు. అయినా వారు కప్పారు. మరి మా అబ్బాయి ఏ తప్పు చేశాడు? ఆరోగ్యము కొరకు శ్రమపడ్డాడు, అంతే. తప్పు చేసినవానినే కప్పమంటే, శ్రమపడేవానిని బట్టబయలు చేయవచ్చునా?

ఇది మన ఊరి సంగతి మాత్రమే కాదు. 2016లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరములో ఒక ప్రసిద్ధ మోడల్, జిమ్ములో బట్టలు మార్చుకునే గదిలో 70 ఏండ్ల వృద్ధురాలి ఫోటో రహస్యముగా తీసి, ఎగతాళి మాట జోడించి స్నాప్‌చాట్‌లో పెట్టింది. 2017లో కోర్టు ఆమెకు 30 రోజులు నగరపు గోడల మీది పిచ్చిరాతలు శుభ్రము చేసే పని శిక్షగా విధించింది. గోడ మీది రాత తుడిస్తే పోతుంది. మనిషి మనస్సు మీద వ్రాసిన రాతను ఏ గుడ్డతో తుడుస్తాము? మన దేశములో కూడా, 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను ప్రకారము బట్టలు మార్చుకునే చోట, స్నానపు గదిలో స్త్రీని చాటుగా చూడడము, ఫోటో తీయడము, దాన్ని పంచడము నేరము. మొదటిసారి చేసినా ఏడాది నుండి మూడేండ్ల వరకు జైలు. 2020 జూన్‌లో మన ప్రభుత్వము టిక్‌టాక్‌ను నిషేధించింది. ఆ యాప్ పోయింది గాని ఆ అలవాటు పోలేదు.

అయితే తమ్ముళ్లారా, మీరు అసలు వీడియో తీయనే కూడదా? నడుము వంగిందా, మోకాళ్లు సరిగా ఉన్నాయా అని చూసుకోవడానికి తీసుకుంటారు, కోచ్‌కు చూపిస్తారు. మంచిదే. కాని మత్తయి సువార్త 7:12లో ప్రభువు నేర్పిన కొలత ఒకటుంది. ఇతరులు మీకు ఏమి చేయాలని కోరుకుంటారో అదే వారికి చేయండి. ఆ కొలత జిమ్ములోకి తీసుకొని వెళ్లండి. ఫోను గోడవైపు తిప్పి పెట్టండి. వెనుక ఎవరైనా ఉంటే, “అన్నా, వీడియో తీసుకుంటున్నా, నువ్వు పడకుండా చూస్తాలే” అని ఒక్క మాట చెప్పండి. చెల్లెళ్లు, అక్కలు వ్యాయామము చేస్తుంటే మీ చూపు, మీ కెమెరా రెండూ మీ పని మీదనే ఉంచండి. ప్లేట్లు తీసినవారే తిరిగి పెట్టండి, మీ తరువాత ఒక సన్ననివాడు, ఒక పెద్దాయన రావచ్చు, వారు మీ బరువు మోయలేరు. బెంచీ మీద మీ చెమట మీరే తుడవండి. ఫోను చూస్తూ పది నిమిషాలు బెంచీ ఆక్రమించి కూర్చోవద్దు, నిలబడి ఉన్నవాడూ తెల్లవారుజామున నిద్ర మానుకొని వచ్చినవాడే. “ఇవి చిన్న సంగతులు గదా” అంటారా? చిన్నవాటిలో నమ్మకముగా ఉండడమే గదా ప్రభువు మన యొద్ద చూసేది.

రెండవ సంగతి: మన తూనికను ఎవరు తూస్తున్నారు?

వీడియో తీసిన అబ్బాయిని పిలిపించాను. మందలించాలనుకున్నాను. ఏప్రిల్ నెల, కర్నూలు ఎండలు మీకు తెలుసు. ఆ ఎండలో వాడు పొడుగు చేతుల చొక్కా, దానిమీద జాకెట్టు వేసుకొని వచ్చాడు. “ఇంత ఉక్కలో ఇదేందిరా నాయనా?” అన్నాను. చాలాసేపు తల వంచుకున్నాడు. తరువాత, “సన్నగా కనపడతాను అయ్యగారూ” అన్నాడు. ప్రియులారా, ఆ అబ్బాయి చేతులు నా తొడలంత ఉంటాయి! ఇంకా అడిగితే ఏడ్చాడు. పాల డబ్బులు, ఫీజు డబ్బులు పౌడరు డబ్బాలకు పెట్టాడు. ఎవరో ఇచ్చిన ఇంజెక్షన్లు మూడు నెలలుగా వేసుకుంటున్నాడు. నవ్వినవాడు కూడా అద్దము ముందు ఏడ్చేవాడే అని ఆ రోజు నాకు అర్థమైంది. తన ఒంటిని చూసుకొని సిగ్గుపడేవాడు, ఆ సిగ్గును పక్కవాని మీదికి తోసేశాడు.

దీనికి వైద్యులు పేరు పెట్టారు. 1997లో అమెరికాకు చెందిన మానసిక వైద్యుడు హారిసన్ పోప్, ఆయన సహచరులు దీనిని ‘మజిల్ డిస్మార్ఫియా’ అన్నారు. ఎంత కండ పెరిగినా చాలలేదనిపించే మనోవ్యాధి. ఇటువంటివారిని తిట్టవద్దు, ఎగతాళి చేయవద్దు. డాక్టరు దగ్గరకు తీసుకొని వెళ్లండి, ప్రార్థించండి, రెండూ చేయండి. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు గుండెను, కాలేయమును దెబ్బతీస్తాయి, సంతానము కలిగే శక్తిని కూడా తగ్గిస్తాయి. ఇప్పటికే వాడుతున్నవారు భయపడి దాచుకోవద్దు, వైద్యునికి ఉన్నదున్నట్టు చెప్పండి. ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులున్నాయి. మన సీమ నేలలో పండే వేరుశనగ 100 గ్రాములలో సుమారు 25 గ్రాములున్నాయి. సంగటి, పప్పు, గుడ్డు, శనగకాయలు పెట్టి దేవుడు మనలను పోషిస్తున్నాడు.

బైబిలులో అబ్షాలోము ఉన్నాడు. అరికాలు మొదలుకొని తలవరకు ఏ లోపమూ లేని అందగాడు. ఏడాదికొకసారి తన తలవెంట్రుకలు కత్తిరించి రాజు తూనికతో తూయించేవాడు, 200 తులములు తూగేవి. వెంట్రుకలు తూచుకున్నాడు గాని హృదయము తూచుకోలేదు. తన పేరు నిలవాలని రాజు లోయలో తనకు తానే ఒక స్తంభము కట్టించుకున్నాడు. ఈనాడు రీల్స్ పెట్టుకున్నట్టే! చివరకు ఏమైంది? చెట్టు కొమ్మలలో తల చిక్కుకొని వ్రేలాడాడు. అంత అందగాడు పోతే మిగిలింది తండ్రి ఏడ్పు.

మన తెలుగు బిడ్డ కరణం మల్లీశ్వరిని జ్ఞాపకము చేసుకోండి. శ్రీకాకుళము జిల్లా ఆమె. 1994, 1995లలో 54 కిలోల విభాగములో ప్రపంచ విజేత. 2000 సంవత్సరములో సిడ్నీ ఒలింపిక్సుకు 69 కిలోల విభాగములో వెళ్లేముందు, ఒళ్లు పెరిగింది, ఇక పని అయిపోయింది అని విమర్శించినవారున్నారు. ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్య పతకము తెచ్చింది. ఒలింపిక్ పతకము గెలిచిన మొదటి భారతీయ మహిళ. జనులు ఆమె ఒంటిని చూశారు, ఇనుము ఆమె బలమును చూపింది. ఏలీయాబు ఎత్తును చూసి ఇతడే రాజు అనుకున్న సమూయేలుకు దేవుడు ఏమి నేర్పాడు? మనుష్యుల చూపు పైరూపము దగ్గర ఆగిపోతుంది, దేవుని చూపు హృదయము వరకు వెళ్తుంది. నీ మెప్పు ఎన్ని లైకులు అని కాదు సహోదరుడా, నీవు క్రీస్తు రక్తముతో కొనబడినవాడవు. అది నీ వెల!

మూడవ సంగతి: బలము భారము మోయడానికే.

జిమ్ములో ఒక మంచి మాట ఉంది. బరువు ఎక్కువైనప్పుడు, “అన్నా, కొంచెం సపోర్ట్ పట్టు” అంటారు. తెలియనివాడైనా వచ్చి తల దగ్గర నిలబడతాడు. రాడ్డు కింద చేతులు పెడతాడు. ఎత్తగలిగినంతవరకు ముట్టడు, ఎత్తలేనప్పుడు వదలడు. గలతీయులకు వ్రాసిన పత్రిక 6:2లో పౌలు ఒకరి భారములు ఒకరు మోయమన్నది ఇదే. కపెర్నహూములో నలుగురు మిత్రులు పక్షవాయువుగలవానిని మంచముతో సహా మోసి, ఇంటికప్పు విప్పి యేసు ముందు దించారు. ఆ నలుగురి కండల కొలత మార్కు వ్రాయలేదు. వారు ఎవరిని మోశారో వ్రాశాడు.

ఆ వారమే నేను, ఆ గిటారు అబ్బాయి కలిసి ఆ ఇంటికి వెళ్లాము. మొదట నేనే క్షమాపణ అడిగాను. ఆ అబ్బాయి నావైపు చూసి, “మీరు గూడా చూసినారా అయ్యగారూ?” అన్నాడు. ఇన్నేండ్ల పరిచర్యలో అంత బరువైన మాట నేను మోయలేదు. “చూశాను నాయనా, నవ్వాను కూడా” అన్నాను. అతడు ఆ రోజు మమ్మల్ని క్షమించానని చెప్పలేదు. లోపలికి వెళ్లిపోయాడు. మేము తల్లి ఇచ్చిన టీ త్రాగి వచ్చేశాము. వీడియో తీసేశాడు, గ్రూపులో అందరి ముందు తన తప్పు ఒప్పుకున్నాడు. ఎంతమంది ఫోనులలో అది ఇంకా ఉందో దేవునికే తెలుసు.

ఇప్పుడు ఆ అబ్బాయి గుడికి వస్తున్నాడు, చివరి వరుసలో కూర్చుంటాడు. జిమ్ముకు మాత్రము ఇంకా వెళ్లడము లేదు. సాయంత్రము కె.సి. కాలువ గట్టు మీద నడుస్తున్నాడు. పక్కన గిటారు అబ్బాయి కూడా నడుస్తున్నాడు, ఇంజెక్షన్లు మానేసి, వైద్యుని దగ్గరకు పోతూ. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకోరట. అయినా కలిసి నడుస్తున్నారు. నాకు షేము, యాపెతులు గుర్తుకు వస్తారు.

ప్రియ శ్రోతా, నీ ఫోనులో కూడా అటువంటి వీడియో ఒకటి ఉందేమో. ఈ రోజే తీసివేయి. నీ నవ్వు వలన ఎవరైనా గుడి మానేశారేమో. ఈ సాయంత్రమే ఆ ఇంటికి వెళ్లు. తల్లిదండ్రులారా, మీ బిడ్డను “బండోడా”, “పుల్లోడా” అని ముద్దుకైనా పిలవకండి. ఆ మాటలు అద్దములో మిగిలిపోతాయి.

ప్రార్థన చేసుకుందాము.

మా పరలోకపు తండ్రీ, మా సిగ్గును నీ కుమారుని నీతితో కప్పినందుకు నీకు స్తోత్రము. ఇతరుల సిగ్గును బయటపెట్టిన మా కన్నులను, మా వ్రేళ్లను క్షమించుము. అద్దము ముందు నలిగిపోతున్న ప్రతి యౌవనస్థునికి, ప్రతి యౌవనస్థురాలికి నీ ప్రేమ తూనికను చూపించుము. బలమిచ్చినవారికి మోసే మనస్సు ఇమ్ము. యేసుక్రీస్తు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.