గోడ మీద ఫొటోలు మారిన రోజు

(డిసెంబర్ 6, 2025న బాబాసాహెబ్ మహాపరినిర్వాణ దినం సందర్భంగా కోల్‌కతాలో తెలుగువాళ్లు జరుపుకున్న సభలో ఒక జూట్ మిల్లు కార్మికుడు చేసిన ప్రసంగ పాఠం)

జై భీమ్. 

నేను టీటాగఢ్ నుంచి వచ్చాను. మా తాత శ్రీకాకుళం జిల్లా నుంచి చటకల్ పనికి వచ్చాడు. నాన్న చాలా ఏళ్లు బద్లీగానే చేశాడు. నేను స్పిన్నింగ్‌లో ఉన్నాను. సభ పెట్టినవాళ్లు నాకు ‘పార్టీ ఫిరాయింపులు – బహుజనులు’ అని పెద్ద పేరే ఇచ్చారు. అంత పెద్ద సంగతులు నాకు తెలియవు. నాకు తెలిసింది మా బ్యారక్‌పూర్. అదే చెప్తాను.

టీటాగఢ్, జగద్దల్, భాట్‌పారా, నైహాటి. హుగ్లీ ఒడ్డున మిల్లు పక్కన మిల్లు. అందులో పనిచేసేది బీహార్, ఒడిశా, మన ఆంధ్రా నుంచి వచ్చిన దళితులు, వెనకబడిన కులాలవాళ్లు, ముస్లింలు. ఇదంతా బ్యారక్‌పూర్ లోక్‌సభ స్థానం కిందికి వస్తుంది.

అక్కడి నాయకుడు అర్జున్ సింగ్ గారు. 2001 నుంచి భాట్‌పారా ఎమ్మెల్యే, తృణమూల్ మనిషి. 2019లో ఎంపీ టికెట్ అడిగారు. పార్టీ ఆ టికెట్ సిట్టింగ్ ఎంపీ దినేశ్ త్రివేదికే ఇచ్చింది. మార్చి 14న ఈయన బీజేపీలో చేరారు. త్రివేదిని 14,857 ఓట్లతో ఓడించారు. ఆ త్రివేదీ కూడా 2021 మార్చిలో బీజేపీలోకే వెళ్లారు, అది వేరే కథ. ఆ ఎన్నికల తర్వాత భాట్‌పారాలో రెండు జెండాల మధ్య నలిగింది కూలీ లైన్లు. 2019 జూన్ 20న జరిగిన ఘర్షణల్లో ఇద్దరు చనిపోయారు. 144 సెక్షన్ పెట్టారు. షాపులు మూసేశారు. నాయకుడు పార్టీ మారితే కండువా మారుతుంది. కింద ఉన్నవాళ్లకి పక్కింటివాడే శత్రువైపోతాడు.

ఇప్పుడు 2022కి వస్తాను. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, గోనె సంచి లెక్క చెప్పాలి.

మనం నేసే సంచుల్లో ఎక్కువ భాగం కొనేది ప్రభుత్వమే, ధాన్యం నింపడానికి. 1987 నుంచి అందుకు ఒక చట్టం ఉంది. 2021 సెప్టెంబర్ చివర్లో జూట్ కమిషనర్ ముడి జనపనారకి క్వింటాలుకి 6,500 రూపాయలు అని గరిష్ఠ ధర కట్టారు. బజార్లో ఆ ధరకి నార దొరకదు. ఎక్కువ పెట్టి కొంటే సంచి ధరలో అది తిరిగి రాదు. దాంతో మిల్లు గేటు మీద ‘సస్పెన్షన్ ఆఫ్ వర్క్’ అని కాగితం అంటిస్తారు. ఆ కాగితం అంటే ఏమిటో ఇక్కడున్న ఆడవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కిరాణా షాపువాడు అప్పు పుస్తకం మూసేసే రోజది.

అప్పుడు అర్జున్ సింగ్ గారు గొంతెత్తారు. కేంద్రంలో ఉన్నది సొంత పార్టీ. అయినా జౌళి మంత్రి పీయూష్ గోయల్ మీదే బహిరంగంగా విమర్శలు చేశారు. నిజం చెప్పాలి కదా, మా లైన్లలో జనం సంతోషించారు. ఒక ఎంపీ ఢిల్లీలో నార ధర గురించి మాట్లాడటం మాకేమీ రోజూ జరిగే సంగతి కాదు. కానీ దాంతోపాటే ఇంకో ముచ్చట మొదలైంది. ఆయన ఉంటారా, పోతారా? వారాల తరబడి ఇదే. టీవీలో గోనె సంచి గురించి రెండు నిమిషాలు, ఆయన మనసు గురించి అరగంట.

చివరికి కేంద్రం దిగొచ్చింది. మే 20 నుంచి ఆ ధర పరిమితి ఎత్తేసింది. ఆయన అడిగింది అయింది.

మే 22న ఆయన కోల్‌కతా క్యామాక్ స్ట్రీట్‌లో తృణమూల్ కండువా కప్పుకున్నారు. మధ్యలో రెండు రోజులు.

మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. అది అడిగింది: "నాన్నా, అడిగింది ఇవ్వకపోతే కదా అలిగి వెళ్లాలి? ఇచ్చాక వెళ్లడమేంటి?" నా దగ్గర జవాబు లేదు. ఇవ్వకపోయి ఉంటే ఆయన వెళ్లడానికి ఒక అర్థం ఉండేది. ఇచ్చారు, అయినా వెళ్లారు. మరి ఆ రెండు నెలలు బేరం పెట్టింది నార ధరనా, తన ధరనా?

ఎంపీ పదవికి రాజీనామా చేస్తారా అని విలేకరులు అడిగారు. తృణమూల్ టికెట్ మీద గెలిచి బీజేపీ వైపు వెళ్లిన ఇద్దరు ఎంపీలున్నారు, ముందు వాళ్లని చేయమనండి, తర్వాత నేనూ చేస్తానన్నారు. ఆయన అన్నది శిశిర్ అధికారి, దిబ్యేందు అధికారి గురించి. ఎవరూ చేయలేదు.

2024 మార్చి 10న బ్రిగేడ్ మైదానంలో తృణమూల్ 42 మంది అభ్యర్థుల్ని ప్రకటించింది. బ్యారక్‌పూర్ సీటు పార్థ భౌమిక్‌కి వెళ్లింది. మళ్లీ అదే ముచ్చట: ఉంటారా, పోతారా? జగద్దల్‌లో ఆయన ఉండే చోటి పేరు మజ్దూర్ భవన్. పేరు గుర్తుపెట్టుకోండి, కార్మికుల ఇల్లు. అక్కడ గోడ మీద మమతా బెనర్జీ ఫొటో దిగింది, మోదీ ఫొటో ఎక్కింది. మార్చి 15న ఢిల్లీలో మళ్లీ బీజేపీలో చేరారు. పక్కన నిలబడి అదే రోజు చేరినది ఎవరో తెలుసా? దిబ్యేందు అధికారి. ఆ ఎన్నికలో ఆయన 64 వేలకు పైగా ఓట్లతో ఓడిపోయారు. నేను ఎవరికి ఓటేశానో అడక్కండి.

దీనికి చట్టం లేదా అంటే ఉంది. 1985లో పదో షెడ్యూల్ వచ్చింది. తేల్చాల్సింది సభాపతి. ఎన్నాళ్లలో తేల్చాలో అందులో రాయలేదు. అక్కడుంది కిటుకంతా. పోయిన నెల 13న కలకత్తా హైకోర్టు ముకుల్ రాయ్ శాసనసభ్యత్వం రద్దు చేసింది. ఆయన 2021 మేలో బీజేపీ టికెట్ మీద గెలిచి జూన్‌లో తృణమూల్‌కి తిరిగొచ్చిన మనిషి. నాలుగేళ్లు దాటాక తీర్పు! ఆయన అనారోగ్యంతో ఉన్నారు, మనిషిని ఏమీ అనను. మన తెలంగాణలోనూ ఇదే కదా. పదిమంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేల మీద ఫిర్యాదులు తేల్చమని, మూడు నెలలు గడువు పెట్టి, జూలై 31న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అందులో దానం నాగేందర్ అయితే బీఆర్ఎస్ ఎమ్మెల్యేగా ఉంటూనే సికింద్రాబాద్ ఎంపీ సీటుకి కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబడ్డారు.

అయితే ఒక మాట. పార్టీ గీత దాటడమే పాపం అని ఈ ఊళ్లో నిలబడి మనం అనలేం. 1946 జూలైలో బాబాసాహెబ్‌ని రాజ్యాంగ సభకి పంపింది ఈ ఊరే. బొంబాయిలో దారి మూసేశారు. ఇక్కడ జోగేంద్రనాథ్ మండల్ నిలబడ్డారు. కాంగ్రెస్ టికెట్ మీద గెలిచిన కొందరు దళిత సభ్యులు కూడా పార్టీ మాట పక్కనపెట్టి ఓటేశారు. వాళ్లని గోడ మీద పిల్లులు అంటామా? వాళ్లకి ఏం దక్కింది?

1951 సెప్టెంబర్‌లో బాబాసాహెబ్ నెహ్రూ మంత్రివర్గం నుంచి బయటికి వచ్చారు. పార్లమెంటులో చెప్పనివ్వకపోతే ఆ ప్రకటన పత్రికలకి ఇచ్చారు. మీరు చదవండి. షెడ్యూల్డ్ కులాల రక్షణ, వెనకబడిన తరగతుల కమిషన్, హిందూ కోడ్ బిల్లు, అన్నీ ఉన్నాయి. తనకి ప్లానింగ్ శాఖ ఇస్తామని చెప్పి ఇవ్వలేదన్న సంగతి కూడా ఉంది. నాకు నచ్చింది అదే. తన సొంత బాధని మన పేరు చాటున దాచలేదు. ఇది నాది, ఇది మీది అని విడివిడిగా రాసి పెట్టారు. అంతకు ఏడాది ముందు జోగేంద్రనాథ్ మండల్ కూడా పాకిస్తాన్ మంత్రి పదవి వదిలినప్పుడు పొడవాటి ఉత్తరమే రాశారు. దానితో ఒప్పుకోండి, మానండి, కారణాలు కాగితం మీద ఉన్నాయి.

రిజర్వుడు సీట్ల సంగతి ఇంకా బాధ. బెంగాల్ అసెంబ్లీలో మనకి 68 సీట్లు. గల్సీ అలాంటి సీటే. అక్కడ ఫార్వర్డ్ బ్లాక్ ఎమ్మెల్యేగా గెలిచిన సునీల్ మండల్ తృణమూల్‌లోకి వెళ్లి, బర్ధమాన్ పూర్బ రిజర్వుడు సీటు నుంచి రెండుసార్లు ఎంపీ అయ్యారు. 2020 డిసెంబర్‌లో బీజేపీ వేదిక ఎక్కారు. బెంగాల్‌లో బీజేపీ ఓడాక మళ్లీ తృణమూల్ వైపే. ఆయన్ని తిట్టడం తేలిక. కానీ టికెట్ ఇచ్చేది పార్టీ, గెలిపించేది అందరి ఓటు. పూనా ఒప్పందం తర్వాత బాబాసాహెబ్ మొత్తుకున్నది దీని గురించే కదా. మన సీటులో గెలిచినవాడు మన మొహం కాకుండా పార్టీ ఆఫీసు మొహం చూస్తాడు.

ఇంకో ఆర్నెల్లలోపు అసెంబ్లీ ఎన్నికలు. మళ్లీ వస్తారు లైన్లలోకి. మా టీటాగఢ్‌లో కొందరం కలిసి ఒక పని మొదలుపెట్టాం. వచ్చిన ప్రతి అభ్యర్థి ముందూ ఒక తెల్ల కాగితం పెడుతున్నాం. ‘నేను పార్టీ మారితే పదవికి రాజీనామా చేసి, కారణం రాసి, ఈ లైన్‌కి వచ్చి చదువుతాను’ అని రాసి సంతకం చేయమంటున్నాం. ఇప్పటికి ముగ్గురు వచ్చారు. ఒకాయన నవ్వి టీ తాగి వెళ్లాడు. ఒకాయన పెన్ను తీసి, పైనున్నవాళ్లని అడిగి చెప్తానన్నాడు. మూడో ఆయన సంతకం పెట్టాడు గానీ, ఆయనకి ఇంకా టికెట్ రాలేదు.

ఆ కాగితం తెలుగులో, హిందీలో, బాంగ్లాలో ఉంది. కొన్ని కాపీలు తెచ్చాను, తలుపు దగ్గర బల్ల మీద పెట్టాను. ఖరగ్‌పూర్ నుంచి వచ్చినవాళ్లు తప్పకుండా తీసుకెళ్లండి. నాకు రేపు పొద్దున్న ఆరింటికి షిఫ్టు. శియాల్దా వెళ్లి రైలు పట్టుకోవాలి.

జై భీమ్.