పరదేశ సేవకు ప్రయాణ సన్నాహము



సమాజాభివృద్ధి కార్యమునకై స్వచ్ఛందముగా విదేశమునకు బయలుదేరు యువజనులు ముందుగా ఆలోచించునది పెట్టెను గూర్చి. ఏ దుస్తులు, ఏ మందులు, ఎంత బరువు? పాస్‌పోర్టు, వీసా, టీకాల ధ్రువపత్రము లేనిదే విమానమెక్కనీయరు గనుక వీనిని ఎవ్వరును మరువరు. మరచుటకు వీలున్నవి వేరే కలవు. వానిని మరచినచో ఏమగునో తెలియుటకు ఒక పోస్టుకార్డు కథ చాలును.

అమెరికా అధ్యక్షుడు కెనెడీ 1961 మార్చిలో శాంతిదళమును స్థాపించెను. ఆ యేడే నైజీరియాకు బయలుదేరిన మొదటి జట్టు హార్వర్డు విశ్వవిద్యాలయములో కొన్ని వారములు చదివి, తక్కిన శిక్షణకై ఇబడాన్ నగరమునందలి విశ్వవిద్యాలయ కళాశాలకు చేరెను. అక్టోబరులో ఆ జట్టులోని ఒక యువతి స్వదేశమందలి మిత్రునకు కార్డు వ్రాసెను. ఆ నగరపు దారిద్ర్యమును, ధనికులు తప్ప తక్కినవారందరు వీధులలోనే వండుకొని, వీధులలోనే అమ్ముకొని బ్రతుకుటను వర్ణించెను. తాము పొందిన శిక్షణ ఇట్టి దృశ్యములకు తమను సిద్ధపరుపలేదనియు అందే ఒప్పుకొనెను. ఆ కార్డు మిత్రునకు చేరక నైజీరియా విద్యార్థుల చేత చిక్కెను. వారు దానికి ప్రతులు తీసి పంచిరి, సభ చేసిరి, వచ్చినవారిని తిప్పి పంపుడని కోరిరి. నైజీరియా స్వతంత్రమై అప్పటికి ఒక్క సంవత్సరమే గడచెను. చుట్టపుచూపుగా వచ్చినవాడు అన్నము తిని, అదే అరుగుపై కూర్చుండి, ఆ యింటి పూరికప్పును గూర్చి పొరుగూరికి జాబు వ్రాసినచో గృహస్థునకు ఎట్లుండును?

ఆ యువతి క్షమాపణ చెప్పి స్వదేశమునకు మరలెను. ఆమె దుర్బుద్ధితో వ్రాయలేదు. చదువుకొన్న పిల్ల, మేలు చేయవలెనని వచ్చినది. అందుచేతనే ఆమె కథ విచారింపదగినది.

ఆ తొలి దినములలో ప్యూర్టోరికో దీవి అడవిలో ఒక శిక్షణ శిబిరము నడచెను. కొండబండల నెక్కుట, త్రాళ్ళపై దిగుట, చేతులు కట్టుకొని నీటిలో తేలుట అచట నేర్పిరి. దేహదార్ఢ్యము మంచిదే. కాని నిట్టనిలువు బండ నెక్కగలవాడు, పల్లెలో ఒక అవ్వ చెప్పు మాటను సగమే అర్థమైనను తుదివరకు వినగలడని నమ్మకమేమి? క్రమముగా ఆ సంస్థయే తన పద్ధతిని మార్చుకొనెను. నేడు రెండేండ్ల సేవకు ముందు ఇంచుమించు మూడు మాసముల శిక్షణ, సేవ చేయవలసిన దేశమునందే జరుగును. శిక్షితుడు స్థానిక కుటుంబముతో కలసి నివసించును. ఆ యింటి పిల్లలు నవ్వుచుండగా తప్పులు పలుకుచు భాష నేర్చును.

పెద్దవయస్సున క్రొత్త పనికి పూనుకొనరాదనుట సాకు మాత్రమే. తరువాత అమెరికా అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ తల్లి లిలియన్ కార్టర్, వృత్తిచేత నర్సు, 1966లో 68 యేండ్ల వయస్సున శిక్షణ ముగించుకొని బొంబాయి చెంతనున్న విఖ్రోలీకి వచ్చి, అచటి కార్మికుల నడుమ 1968 వరకు పని చేసెను.

ఇంతకంటె పాతదియు, ఈ దేశమునకు దగ్గరిదియు అగు దృష్టాంతము పియేర్ సెరెసోల్ అను స్విస్ ఇంజనీరుది. మొదటి ప్రపంచయుద్ధమున నేలమట్టమైన వెర్డున్ ప్రాంతమున 1920లో స్వచ్ఛందసేవకులతో పనిచేసి, అంతర్జాతీయ సేవాసంఘమునకు పునాది వేసినవాడు. 1934 జనవరి 15న బీహారులో భూకంపము వచ్చెను. బాబూ రాజేంద్రప్రసాద్ సహాయకార్యమును నడపుచుండిరి. ఆ వార్త విని సెరెసోల్ సేవకులను ఓడకెక్కించి వెంటనే పంపలేదు. ముందు తానొక్కడే వచ్చి చూచెను. ఇచటివారినడిగి ఏమి కావలయునో తెలిసికొనెను. ఆ పిదప యూరపునకు పోయి సహచరులను వెంటబెట్టుకొని మరల వచ్చెను. ముజఫర్‌పూర్ ప్రాంతమున నీట మునుగు పల్లెలను మెరక నేలకు మార్చుటలో ఆ కొద్దిమందియు గ్రామస్థులతోపాటు మట్టి మోసిరి. రాకపోకలకే వారములు పట్టిన ఆ కాలమున, ముందొకసారి చూచి పోవుట ఎంత శ్రమయో!

కావున బయలుదేరువాడు పెట్టె కట్టుటకు ముందు కొన్ని ప్రశ్నలకు బదులు సంపాదింపవలెను. పిలిచినది ఆ యూరివారా, లేక నడుమనున్న సంస్థయా? కొన్ని సంస్థలు సేవకునివద్దనే రుసుము వసూలు చేయును. ఆ సొమ్ములో ఊరికి చేరునది ఎంత? తాను చేయబోవు పనిని కూలికి చేయగల మేస్త్రీ ఆ యూరిలోనే కలడా? కలడేని, పది దినములలో వంకరగోడ కట్టి వచ్చుటకు సముద్రము దాటనేల? తన తరువాత ఆ పనిని ఎవరు నడపుదురు? ఈ కడపటి ప్రశ్నకు బదులు దొరకనిచో ప్రయాణమును ఆపుకొనుటకు సిగ్గుపడనక్కరలేదు.

ఇవి తేలిన పిదప ఆ దేశపు చరిత్రను, ఆ దేశస్థులే వ్రాసిన కథలను చదువవలెను. ఏ ఊరి గ్రంథాలయములోనైనను ఇందుకు ఒక బల్లయు, ఒక దీపమును దొరకును. ఆ తరువాతనే మందులు, గొడుగు, కుట్టు తెగని చెప్పులు.

ఇబడాన్‌లో మిగిలినవారు వెనుకకు మరలలేదు. విద్యార్థుల కోపము చల్లారువరకు ఓర్చుకొని, శిక్షణ ముగించి, నైజీరియా పాఠశాలలలో ఉపాధ్యాయులై చేరిరి.