కలిసుండమని అడిగే ముందు

దేశ ఐక్యత అనగానే మనకు జెండాలు, ఊరేగింపులు గుర్తొస్తాయి. ఈ పూట మేము కెనడా సంగతి మీ ముందు పెట్టదలిచాం. 1969 నుండి అక్కడ ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ చట్టరీత్యా సమానమైన అధికార భాషలు. అయినా ఫ్రెంచివారు ఎక్కువగా ఉన్న క్యుబెక్‌లో దేశం నుండి విడిపోయే ప్రశ్న మీద 1980లో ఒకసారి, 1995లో మరోసారి ఓటింగు జరిగింది. 1995 అక్టోబరు 30న వద్దన్నవారు 50.58 శాతం, సరేనన్నవారు 49.42 శాతం. తేడా 54,288 ఓట్లు మాత్రమే.

ఆ ఓటింగుకు మూడు రోజుల ముందు మాంట్రియల్‌లో పెద్ద సభ జరిగింది. దేశం నలుమూలల నుండి వేలాదిమంది వచ్చి, మమ్మల్ని విడిచి వెళ్లకండి అని వేడుకున్నారు. వారి మనసు మంచిదే. కానీ, ఇన్నేళ్లు లేని ప్రేమ చివరి వారంలో పుట్టిందా అని అడిగిన క్యుబెక్‌వాసులూ ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే.

ఇంత సందడి లేకుండా జరిగిన పనులు చూడండి. 1965లో మాంట్రియల్ పక్కనున్న సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లీషు మాట్లాడే తల్లిదండ్రులు కొందరు బడివారి వెంటపడి, తమ చిన్నపిల్లలకు ఫ్రెంచిలోనే చదువు మొదలుపెట్టించారు. ఆ పద్ధతి దేశమంతా పాకింది. 1997లో ఒట్టావాలోని మోన్‌ఫోర్ అనే ఫ్రెంచి ఆసుపత్రిని మూసేస్తామని ఒంటారియో ప్రభుత్వం అంటే, ప్రజలు వేలాదిగా కూడి, కోర్టుకెక్కి, 2001లో గెలిచారు. నొప్పి ఎక్కడుందో రోగి తన భాషలో చెప్పుకోగలగాలి కదా!

అయితే ఈ రెండు భాషల లెక్కలో ఆదివాసుల భాషలు లేవు. సంఘాలు నడిపిన వసతి పాఠశాలల్లో తల్లిభాష మాట్లాడిన ఆదివాసీ పిల్లలను శిక్షించారు. దీనికి ఆంగ్లికన్ సంఘం 1993లో, యునైటెడ్ చర్చి 1998లో క్షమాపణ చెప్పాయి. క్రైస్తవులమైన మనం ఈ మాట దాటవేయకూడదు.

అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయం తెరవండి. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు అనుదిన పంపకంలో అన్యాయం జరుగుతోందని సణుగు పుట్టింది. సణగవద్దని అపొస్తలులు వారి నోరు మూయించలేదు. ఏడుగురిని ఏర్పరచి ఆ పని అప్పగించారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. సంఘపు ఐక్యత భోజనపు బల్ల దగ్గర నిలబడింది.

హోసూరులో, బళ్లారిలో, బరంపురంలో, షోలాపూర్‌లో, యానాంలో తరతరాలుగా ఉంటున్న మనకు ఇందులో పని ఉంది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధన అందేలా చూడాలని రాజ్యాంగంలోని 350ఏ అధికరణం చెబుతోంది. మీ ఊరి తెలుగు బడిలో టీచరు లేకపోతే, తల్లిదండ్రులతో సంతకాలు పెట్టించి అర్జీ ఇవ్వండి. అదే సమయంలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో చక్కగా నేర్చుకోండి. అది మన పొరుగువారి భాష, వారిని ప్రేమించడానికి దారి.

ఇంకొక మాటతో ముగిస్తాం. మన తెలుగు ఆరాధనలో వెనక బెంచీలో కూర్చుని, ప్రసంగం సగమే అర్థమై ఇంటికి వెళ్లే కుటుంబం ఉందేమో వచ్చే ఆదివారం చూడండి. ఉంటే, వారి భాషలో వాక్యం చదవడానికి ఒకరిని నియమించండి. మన హక్కు అడిగే నోటికి అప్పుడే బలం.