కాళ్ళలో చీమలు
(ఉపకార వేతనాల ప్రదానోత్సవంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. వైద్యం నా సబ్జెక్టు కాదు. అయినా ఒక వైద్య పదం గురించి నాలుగు మాటలు చెబుతాను. ఆ పదం ఫార్మికేషన్.

కొన్నేళ్ళ కిందట మా అమ్మ, "ఒరే, రాత్రయితే కాళ్ళలో చీమలు పాకుతున్నాయిరా" అనేది. నేను దుప్పటి దులిపాను. మంచం కోళ్ళ చుట్టూ చీమల మందు చల్లాను. ఒక్క చీమా కనబడలేదు. పెద్దతనపు చాదస్తం అనుకుని ఊరుకున్నాను. ఆరు నెలల తరువాత కాలి వేలికి దెబ్బ తగిలి పుండు పడింది. ఆమెకు నొప్పే తెలియలేదు. డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి, షుగరు చాలాకాలంగా ఉందనీ, దానివల్ల కాళ్ళ నరాలు దెబ్బతిన్నాయనీ చెప్పారు. చీటీలో ఈ పదం రాశారు.

అర్థం అడగడానికి సిగ్గుపడి, ఇంటికొచ్చి డిక్షనరీ తీశాను. లాటిను భాషలో 'ఫార్మికా' అంటే చీమ. చర్మం మీద ఏమీ లేకపోయినా చీమలు పాకుతున్నట్టు అనిపించడమే ఫార్మికేషన్. అమ్మ తెలుగులో చెప్పిందే డాక్టరుగారు లాటినులో రాశారన్నమాట!

షుగరు ఒక్కటే కాదు, బి12 విటమిను లోపం వల్ల కూడా ఇలా అనిపించవచ్చు. మద్యానికి బాగా అలవాటుపడి హఠాత్తుగా మానేసినవారిలోనూ కనిపిస్తుంది. కనుక కారణం డాక్టరే తేల్చాలి.

విద్యార్థులకు ఇంకొక్క మాట. కొన్ని జాతుల చీమలు చిమ్మే ఫార్మిక్ ఆమ్లానికీ ఆ చీమ పేరే. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ రే చీమల నుంచే దాన్ని బట్టీపట్టి తీశాడు. బల్లల మీద అతికించే ఫార్మికా షీటుకు మాత్రం చీమతో సంబంధం లేదు. అమెరికాలో అభ్రకానికి, అంటే మైకాకు, బదులుగా కనిపెట్టారు కనుక 'ఫర్ మైకా' అన్నారు. పోలిక చూసి అర్థం ఊహించకండి, మూలం వెతకండి.

నేను రోజూ రాసిన 'క్రెడిట్' కూడా లాటిను మాటే. దాని మూలార్థం నమ్మకం. ఎందరి ఖాతాల్లోనో ఆ మాట రాసిన నేను, అమ్మ మాటను మాత్రం నమ్మలేదు. పుండు మానింది గాని, పాదాలకు స్పర్శ తిరిగి రాలేదు.

తల్లిదండ్రులారా, డాక్టరు దగ్గర మీకు అనిపించింది మీ మాటల్లోనే చెప్పండి, అర్థంకానిది అడగండి. పిల్లలూ, రేపు మీలో ఎవరైనా డాక్టరైతే, ఇంట్లో మాట్లాడే తెలుగును తక్కువగా చూడకండి. రోగం పేరు అందులోనే ఉండవచ్చు.