ప్రాధాన్య ఓటుకు నిషేధమెందుకు?



అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో మెంఫిస్ అనే నగరమున్నది. అక్కడ నల్లజాతి ప్రజలే అధిక సంఖ్యాకులు. నగరపాలక ఎన్నికల్లో ప్రాధాన్య ఓటు కావాలని 2008లో ఆ ఓటర్లు తీర్పునిచ్చారు. 2018లో దానిని రద్దు చేయాలన్న ప్రతిపాదనను తిరస్కరించారు. అయినా ఒక్క ఎన్నికలోనూ అది అమలుకు నోచుకోలేదు. 2022లో రాష్ట్ర శాసనసభ ఆ పద్ధతినే రాష్ట్రమంతటా నిషేధించింది. నగరం రెండుసార్లు చెప్పిన మాట ఒక్క చట్టంతో కొట్టుకుపోయింది.

అదే ఏడాది ఫ్లోరిడా, ఆ తరువాత ఐడహో, మోంటానా, కెంటకీ, అలబామా వంటి రాష్ట్రాలు అదే దారి పట్టాయి. మిస్సోరీలో 2024లో జరిగినది మరీ విచిత్రం. పౌరులకే ఓటు ఉండాలన్న వాక్యాన్నీ, ఈ నిషేధాన్నీ ఒకే ప్రశ్నగా కలిపి ప్రజల ముందుంచారు. మొదటిదానికి కాదనేవారెవరు?

నిషేధించేవారు చెప్పే కారణాలలో ఫలితం ఆలస్యమవుతుందన్నది కొంత నిజమే. సామాన్యునికి అర్థం కాదన్నదానిని మాత్రం మేము ఒప్పుకోము. మన పట్టభద్రుల, ఉపాధ్యాయుల శాసనమండలి స్థానాలకు ఏళ్ల తరబడి ఎన్నిక జరుగుతున్నది ఇలాగే కదా! అభ్యర్థుల పేర్లకెదురుగా 1, 2, 3 అని వేస్తాము. చెల్లిన ఓట్లలో సగానికి మించి ఎవరికీ రాకపోతే, అట్టడుగున ఉన్నవారిని తొలగించి, వారి ఓట్లను తరువాతి ప్రాధాన్యం ప్రకారం మిగిలినవారికి కలుపుతారు. మనవారు ఇద్దరు నిలబడి ఓట్లు చీలిపోయి మూడవవాడు గెలిచే బాధ దీనితో చాలవరకు తగ్గుతుంది.

న్యూయార్క్‌లో 2025 జూన్‌లో మేయర్ పదవికి డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక జరిగింది. ముస్లిమైన జోహ్రాన్ మమ్దానీ, యూదుడైన బ్రాడ్ లాండర్ తమ తరువాతి ప్రాధాన్యం రెండవవారికి ఇమ్మని పరస్పరం తమ ఓటర్లను కోరారు. మమ్దానీ మూడవ విడత లెక్కింపులో 56 శాతంతో నెగ్గారు. మొదటి లెక్కలోనే ఆయన ముందున్నారు గనుక విజయమంతా పద్ధతి చలవే అనలేము. కానీ పోటీదారులు ఒకరి ఓటర్లను మరొకరు మర్యాదగా అడిగే ఎన్నిక మనకెంత అరుదు!

మన లోపమూ చెప్పుకోవాలి. ఉద్యోగంలో ఉండగా లెక్కింపు బల్లల వద్ద మేము చూశాము. డిగ్రీ చదివినవారు సైతం అంకెకు బదులు టిక్కు పెట్టి ఓటు చెల్లకుండా చేసుకున్నారు. అసలు జాబితాకే ఎక్కనివారు ఇంకెందరో. పట్టభద్రుల జాబితాను ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారు చేస్తారు. గతసారి పేరున్నా మళ్లీ ఫారం 18 ఇవ్వవలసిందే. డిగ్రీ పూర్తయి మూడేళ్లు గడిచిన మన ఆడపిల్లల పేర్లు ఇందులో మరీ తక్కువగా కనబడుతున్నాయి. నమూనా ఫారాలు వెనుక బల్ల మీద ఉంచాము. సభ కాగానే అక్కడికి రండి, నింపే విధానం చూపిస్తాము.