పుటలోని వీరుడు – చేతిలోని బొమ్మ



బొమ్మల కథలు చదువు పిల్లలు అసలైన చదువునకు దూరమగుదురని పెద్దలు పలువురు తలంతురు. బొమ్మ చూచి పుట త్రిప్పివేయుట చదువు కాదను మాటలో కొంత నిజము లేకపోలేదు. అయితే అదే బాలుడు తనకు ప్రియమైన కథానాయకుని ఇంటిలో తన చేతులతో మలచి నిలుపబూనినచో ఆ పుటను ఎట్లు చదువునో గమనింపవలసి యున్నది. ఇందులకు టిన్‌టిన్ చక్కని ఉదాహరణము.

టిన్‌టిన్ బెల్జియము దేశపు బొమ్మల కథలలోని యువ విలేఖరి. ఎర్జే అను పేరుతో ప్రసిద్ధుడైన చిత్రకారుడు జార్జ్ రెమి (1907–1983) ఆతనిని సృష్టించెను. 1929 జనవరి 10వ తేదీన బ్రస్సెల్సు నగరమున ఒక పత్రిక బాలల అనుబంధమున తొలి కథ ఆరంభమయ్యెను. 1976 నాటికి 23 పుస్తకములు పూర్తియైనవి. గుండ్రని మోము, కన్నులకు రెండు చుక్కలు, నీలి స్వెట్టరు, మోకాలి దిగువ బిగించిన వదులు లాగు, వెంట మిలూ అను తెల్లని కుక్క – ఇంతియే ఆ రూపము. నుదుటిపై లేచి నిలిచిన జుట్టుపాయ అన్నిటికంటె ముఖ్యము. తొలికథలో కారు వేగమునకు గాలికి లేచిన ఆ పాయ మరల అణగనే లేదు.

ఇంత సులభమైన రూపమును బొమ్మగా చేయుటయు సులభమని తోచును. చేయబూనినప్పుడే చిక్కు తెలియును. ఆ పాయ ప్రక్కనుండి ఒక తీరుగను, ఎదుటినుండి వేరొక తీరుగను కనబడును. తల వెనుక జుట్టు ఎంతవరకు దిగినది? నడచునప్పుడు భుజము ఎట్లు వంగును? చిత్రకారుడు ఒక ప్రక్క చూపిన చాలును. బొమ్మ చేయువానికి నాలుగు ప్రక్కలును కావలెను. ఆ సమాధానములకై బాలుడు పుస్తకమును మొదటినుండి మరల వెదకును. ఒక్క బొమ్మ నిలుచుటకు పెక్కు పుటలను నిదానముగా చదువవలసి వచ్చును.

ఇట్టి బొమ్మలకు నేడు ఇండ్లలో వాడు పదార్థములలో ఒకటి పాలిమర్ క్లే. పేరు మన్నుదే కాని ఇందు మన్ను లేదు. నీటి గొట్టములు చేయు పి.వి.సి.నే మెత్తని పొడిగా తీసికొని, నూనెవంటి ద్రవముతోను రంగులతోను కలిపి దీనిని తయారుచేయుదురు. ఇది గాలికి ఆరదు. కావున రోజులకొలది దిద్దుకొనవచ్చును. ఓవెనులో సుమారు 110 నుండి 130 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాల్చినచో గట్టిపడును. ఈ జాతిలో పేరొందిన ఫిమో ఒక బొమ్మల ఇంటనే పుట్టినది. జర్మనీలో బొమ్మల తయారీకి ప్రసిద్ధురాలైన క్యాటె క్రూజె కుమార్తె దానిని రూపొందించి, 1964లో ఎబర్‌హార్డ్ ఫాబర్ సంస్థకు అప్పగించెను. ఆమె ముద్దుపేరు ఫిఫీ. ఫిమో అను పేరు మొదలు అందుండి వచ్చినదే.

ముందుగా తీగెతో గూడు కట్టి, దానిపై అల్యూమినియము రేకును నలిపి చుట్టి, ఆపైన ముద్దను పట్టింపవలెను. సన్నని కాళ్లపై పెద్ద తల నిలువదు గనుక తీగె పాదములగుండా పీఠములోనికి దిగవలెను. మిలూను చేయుటకు ముందు చేతులు కడుగకున్నచో స్వెట్టరు నీలిరంగు తెల్లకుక్కకు అంటును. వేడి మించినచో బొమ్మ మాడి హానికరమైన ఆవిరి వెలువడును. కాబట్టి గాలి ఆడు చోట, పెద్దల సమక్షముననే కాల్చవలెను. దీనికి వాడిన పాత్రలను మరల వంటకు వాడరాదు. పచ్చి ముద్దను పుస్తకముపై ఉంచనే రాదు. అందలి నూనె పీల్చుకొని కాగితము మరకపడును.

కొండపల్లి బొమ్మలను ఎరిగిన తెలుగువారికి ఈ ఓర్పు క్రొత్తది కాదు. అచ్చట తెల్ల పొణికి కొయ్యతో అవయవములను వేరువేరుగా చెక్కి, చింతపిక్కల పొడియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అతుకుదురు.

అన్ని ప్రక్కలనుండి చూచుట ఎంత అవసరమో ఎర్జే జీవితమే చాటుచున్నది. 1931లో పుస్తకముగా వెలువడిన కాంగో కథలో ఆఫ్రికా ప్రజలను చిత్రించిన తీరు తరువాతి కాలమున తీవ్ర విమర్శకు గురియైనది. 1934లో చైనా కథకు పూనుకొన్నప్పుడు ఆతనికి జాంగ్ చోంగ్‌రెన్ అను చైనా విద్యార్థి స్నేహితుడయ్యెను. ఆతడు బ్రస్సెల్సులో శిల్పము నేర్చుకొనుచుండెను. ఆ స్నేహఫలమైన "నీలి కమలము"లో టిన్‌టిన్, చాంగ్ అను బాలుడు తమ తమ దేశములవారికి ఒండొరులపై గల అపోహలను చెప్పుకొని నవ్వుకొందురు. 1960లో పుస్తకమైన టిబెట్టు కథలో టిన్‌టిన్ మంచుకొండలలో వెదకినది ఆ చాంగునే. దీర్ఘకాలము ఎడబాసిన మిత్రులిద్దరు 1981లో బ్రస్సెల్సులో మరల కలిసికొనిరి. ఆ శిల్పి ఎర్జే ముఖమును విగ్రహముగా మలచెను.

కావున పిల్లవాని చేతినుండి బొమ్మల పుస్తకమును లాగుకొనుటకు ముందు ఆ చేతికి ఒక ముద్దను ఇచ్చి చూడవలెను. అది చెరువులోని బంకమన్నైనను సరియే. ముక్కు వంకరపోవచ్చును, కాలు విరుగవచ్చును. తన వీరుని వెనుకవైపు ఎట్లుండునో తెలియక, దానిని చూచుకొనుటకై గ్రంథాలయమునకు మరల వచ్చిన బాలుడు అప్పటికే పాఠకుడైనాడు. ఈ గ్రంథాలయపు తలుపులు అట్టి బాలబాలికలకై చిరకాలము తెరచియుండుగాక!