వీడియో మొరాయిస్తే ఏం చెయ్యాలి?



ఈవేళ వీడియోల గురించి మాట్లాడుకుందాం. తీయడం అందరికీ వచ్చేసింది. తీసినవాటిని కత్తిరించి, వరసగా కూర్చి, పేర్లు వేసి, పాట కలిపేటప్పుడు వచ్చే చిక్కుల సంగతే చెబుతాను. దీన్ని మన స్టూడియోలవాళ్ళు మిక్సింగ్ అంటారు. "అదంతా వాళ్ళ పని, మనకెందుకమ్మా" అని కొందరు అనుకోవచ్చు. కాని ఒక్కసారి ఆలోచించండి. సద్దుల బతుకమ్మ నాడు జనగామలో అత్తగారు పాట ఎత్తుకుంటే ఆ గొంతు ఎవరి ఫోనులో ఉంది? కోడలి ఫోనులో. మహబూబాబాద్ తండాల్లో తీజ్ పండుగకు ఆడపిల్లలు గోధుమ మొలకల బుట్టలు ఎత్తుకుని ఆడింది ఎవరు తీశారు? వాళ్ళ అక్కలు, వదినెలు. 2025 మే నెలలో భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు జరిగితే, త్రివేణి సంగమంలో అమ్మానాన్నల స్నానం తీసింది చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళే. స్టూడియోవాళ్ళు పెళ్ళికి వస్తారు. మిగతా బతుకంతా మన చేతుల్లోనే ఉంది. అంచేత చిక్కు వస్తే విప్పుకోవడం కూడా మనకే తెలియాలి.

ముందుగా ఒక హెచ్చరిక. ఫోనులోని ఎడిటింగ్ యాప్ మొరాయించగానే పక్కింటివారు చెప్పే మొదటి సలహా "తీసేసి మళ్ళీ ఎక్కించు" అని. ఆ పని చెయ్యకండి! చాలా యాప్‌లలో మీరు సగం చేసి పెట్టుకున్న పని ఆ యాప్ కడుపులోనే దాగి ఉంటుంది. యాప్ తీసేస్తే అదీ పోతుంది. అలాగే ఫోను సెట్టింగుల్లో రెండు మాటలు పక్కపక్కనే కనిపిస్తాయి. 'క్లియర్ క్యాష్' అన్నది ఒకటి, 'క్లియర్ డేటా' లేదా 'క్లియర్ స్టోరేజ్' అన్నది రెండోది. మొదటిది పొయ్యి గట్టు తుడిచినట్టు. ముందు అది చేసి చూడవచ్చు. రెండోది డబ్బాలన్నీ బోర్లించినట్టు. దాని జోలికి పోవద్దు. ఏది ముట్టుకోబోయే ముందైనా సరే, అసలు వీడియోలను వేరే చోట ఒక నకలు పెట్టుకోండి.

ఇప్పుడు ఒక్కొక్క చిక్కే చూద్దాం.

నిన్నటిదాకా బాగున్న వీడియో ఇవాళ తెరిస్తే బొమ్మ ఉండవలసిన చోట నల్లగానో, ఎర్రగానో కనబడి, 'మీడియా ఆఫ్‌లైన్' అని వస్తుంది. గుండె జారిపోతుంది. నిజానికి కంప్యూటరులో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మన వీడియోను ముక్కలు చెయ్యదు, లోపల దాచుకోదు కూడా. అది ఒక చీటీ రాసుకుంటుంది, అంతే. ఫలానా క్లిప్పు ఫలానా చోట ఉంది, దాంట్లో 5వ సెకను నుంచి 12వ సెకను దాకా చూపించాలి, తరువాత ఇంకొకటి చూపించాలి అని. మనం ఆ వీడియోను ఇంకో ఫోల్డరులోకి జరిపినా, పేరు మార్చినా, పెన్ డ్రైవు ఊడదీసినా దానికి దారి తెలియదు. పోపుల డబ్బా కొత్త కోడలు ఇంకో అలమరలో పెడితే మనకు చెయ్యి ఆడదు కదా, అట్లాగే. వీడియోను పాత చోటికి తెచ్చిపెట్టండి, లేదా 'రీలింక్' అన్నది నొక్కి కొత్త చోటు చూపించండి. పని మొత్తం తిరిగి వస్తుంది. కాని వాట్సాప్ బరువెక్కిందని గ్యాలరీలోంచి అసలు క్లిప్పును చెరిపేసి ఉంటే మాత్రం చీటీ ఒక్కటే మిగులుతుంది.

రెండో చిక్కు, పెదవులకూ మాటకూ పొంతన కుదరకపోవడం. మొదట్లో బాగానే ఉంటుంది. పోనుపోను చప్పట్లు ఒకచోట, చేతులు ఒకచోట అవుతాయి. రాత్రిపూట తీసిన బతుకమ్మ వీడియోల్లో ఇది ఎక్కువ. ఎందుకంటే వీడియో అంటే సెకనుకు ఇన్ని అని వరసగా తీసిన ఫోటోలే. ఫోను సాధారణంగా సెకనుకు 30 తీస్తుంది. వెలుతురు చాలకపోతే కొన్ని ఫోన్లు ఆ లెక్క తగ్గించుకుంటాయి. ఒకసారి 30, ఒకసారి 24. లెక్క స్థిరంగా ఉందనుకునే సాఫ్ట్‌వేర్ అక్కడ తడబడుతుంది. తేడా చిన్నదే అయినా కూడుతూ పోతుంది. సెకనుకు 30 ఉండాల్సిన చోట 29.97 అని పొరపడితే గంట వీడియోలో మూడున్నర సెకన్లకు పైనే తేడా వస్తుంది. దీనికి మందు ఉంది. హ్యాండ్‌బ్రేక్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. ఎడిటింగుకు ముందే క్లిప్పును దాంట్లో వేసి, 'కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్' అన్నది ఎంచుకుని మార్చుకోండి. ఇద్దరు ముగ్గురు తీసిన వీడియోలు కలపాలంటే ఇంకో కిటుకు: తీయడం మొదలుపెట్టగానే ఒకరు గట్టిగా చప్పట్లు కొట్టాలి. తరువాత అన్నిట్లోనూ ఆ చప్పుడును ఒక గీతమీదికి తెస్తే చాలు. సినిమావాళ్ళు క్లాప్ కొట్టేది అందుకే.

మూడోది, చూస్తుంటే బొమ్మ ఆగి ఆగి నడవడం. దీనికి కంగారు పడనక్కరలేదు. చాలాసార్లు వీడియో బాగానే ఉంటుంది, మోయలేనిది మన యంత్రం. 4కె వీడియోలో ఒక్కొక్క బొమ్మలో సుమారు 83 లక్షల చుక్కలుంటాయి. మామూలు ఫుల్ హెచ్‌డీకి ఇది సరిగ్గా నాలుగు రెట్లు. ప్రీవ్యూను సగానికో, పావుకో తగ్గించండి. లేదా 'ప్రాక్సీ' అనే చిన్న నకళ్ళు చేయించుకుని వాటితో పని చెయ్యండి. చివర తయారయ్యేది అసలు వీడియో నాణ్యతతోనే వస్తుంది.

నాలుగోది అన్నిటికంటే విసిగించేది. అంతా కూర్చాక ఎక్స్‌పోర్ట్ నొక్కితే 80 శాతం దగ్గర ఆగిపోతుంది. ముందు జాగా చూడండి. తయారయ్యే వీడియోకు రెండింతలైనా ఖాళీ ఉంచండి. జాగా ఉండి కూడా ఆగుతోందంటే ఏదో ఒక క్లిప్పు చెడిందన్నమాట. దసరాకు కట్టిన సీరియల్ లైట్లలో మాడిన బల్బును వెతికినట్టే దీన్నీ వెతకాలి. మొత్తాన్ని సగం చేసి మొదటి సగం మాత్రమే ఎక్స్‌పోర్ట్ చెయ్యండి. సాఫీగా వస్తే దోషం రెండో సగంలో ఉంది. ఆ సగాన్ని మళ్ళీ సగం చెయ్యండి. 64 క్లిప్పులున్నా ఆరుసార్లలో దొంగ దొరుకుతుంది. దాన్ని తీసి, అసలు నకలు నుంచి మళ్ళీ తెచ్చి వెయ్యండి. ఇక తయారైన వీడియో పెన్ డ్రైవులోకి ఎక్కకపోతే, ఒక్క ఫైలే 4 జీబీ దాటిందేమో చూడండి. పెన్ డ్రైవు ఎఫ్ఏటీ 32 పద్ధతిలో ఉంటే అంతకంటే పెద్ద ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి మార్చుకోవాలి. కాని అలా మారిస్తే అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. ముందు ఖాళీ చేసుకోండి.

ఐదోది మన తెలుగువారిదే అయిన చిక్కు. పేర్లు వేసేచోట 'శ్రీ' అని రాస్తే అక్షరం విడిపోయి శ ఒకచోట, ర వత్తు ఒకచోట పడుతుంది. 'లక్ష్మి' మూడు ముక్కలవుతుంది. శుభలేఖ వేసిన డీటీపీ షాపు నుంచి పేరు తెచ్చి అతికిస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. రెండూ వేరు వేరు జబ్బులు. షాపులవాళ్ళు ఎక్కువగా అను ఫాంట్లు వాడతారు. అవి మీ కంప్యూటరులో లేకపోతే తెలుగు కనబడదు. యూనికోడ్‌లో కొత్తగా టైపు చేసుకోవడమే మేలు. మండలి, రామభద్ర, గిడుగు లాంటి చక్కటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. ఇక వత్తులు విడిపోవడం సాఫ్ట్‌వేర్‌కు మన లిపి కూర్పు తెలియకపోవడం వల్ల. అడోబీ ప్రీమియర్ అయితే ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ అన్నచోట టెక్స్ట్ ఇంజన్‌ను 'సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్' అని మార్చి, పేరు మళ్ళీ టైపు చెయ్యాలి. ఫోనులో అయితే అక్షరాలు సరిగా వచ్చే ఇంకో యాప్‌లో పేరు రాసి, దాన్ని బొమ్మగా దాచుకుని వీడియో మీద పెట్టుకోవచ్చు.

ఏ చిక్కు వచ్చినా ఒక్క పద్ధతి మరవకండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. పులుసు కుదరలేదని ఉప్పు, కారం, బెల్లం ఒకేసారి వేస్తే ఏది తక్కువైందో ఎప్పటికీ తెలియదు. కరెంటు పోయే ఊళ్ళలో ఆటోసేవ్‌ను 5 నిమిషాలకు పెట్టుకోండి.

చివరగా బీరువాల్లో ఉన్న పాత పెళ్ళి క్యాసెట్ల మాట. వీహెచ్ఎస్ వీసీఆర్‌లు తయారుచేస్తూ వచ్చిన ఆఖరి కంపెనీ, జపానులోని ఫునాయ్, 2016 జూలైలో ఆ పని మానేసింది. అదే ఏడు అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా నుంచి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. ఈ జిల్లాల వయసంత కాలంగా కొత్త వీసీఆర్ పుట్టలేదన్నమాట. ఉన్నవి రోజురోజుకూ చెడిపోతున్నాయి, టేపు బూజు పడుతోంది. క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించాక కదిలే బొమ్మ అంచుల్లో దువ్వెన పళ్ళలా గీతలు కనబడితే భయపడకండి. 'డీ-ఇంటర్లేస్' చేస్తే పోతాయి. అడుగున సన్నటి చెదిరిన పట్టీ కనబడినా టేపు పాడైనట్టు కాదు. పాత టీవీల్లో అది అంచు వెనక దాగి ఉండేది, అంతే. కాస్త కత్తిరించెయ్యండి.

మీ దగ్గరున్న ముఖ్యమైన వీడియోలకు మూడు నకళ్ళు పెట్టుకోండి. రెండు వేరు వేరు రకాల వస్తువుల్లో ఉండాలి. ఒకటి ఇంటి బయట, పుట్టింట్లోనో కూతురింట్లోనో ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ మసకబారుతుంది. 'డాక్యుమెంట్' కింద పంపితే 2 జీబీ దాకా ఉన్నది ఉన్నట్టే వెళుతుంది. స్టూడియోవాళ్ళనూ అడగండి. కూర్చిన వీడియో ఒక్కటే కాదు, అసలు తీసినదంతా ఇమ్మని డబ్బు ముట్టజెప్పేముందే అడగండి. కార్డు ఇంకో పెళ్ళికి వాడుకున్నాక వాళ్ళయినా ఏం చెయ్యలేరు.

సాఫ్ట్‌వేర్‌లు మారుతూనే ఉంటాయి. 2020 జూన్ 29న ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో చాలామంది ఆడవాళ్ళు చేయి తిరిగిన టిక్‌టాక్, వివా వీడియో ఉన్నాయి. అసలు క్లిప్పులు దాచుకున్నవారు ఇంకో యాప్‌లో మళ్ళీ కూర్చుకోగలిగారు. యాప్ పోయినా, కంప్యూటరు పోయినా మళ్ళీ కొనుక్కోవచ్చు. అమ్మ గొంతు మళ్ళీ రికార్డు చెయ్యలేం కదా! వీలు చూసుకుని మీ ఫోనులో ఏమున్నాయో ఒకసారి చూసుకోండి. బీరువా అడుగున క్యాసెట్టు ఉంటే బయటికి తియ్యండి.